విశాఖా, కటకా? మా అమ్మాయి న్యాయశాస్త్రం చదువు కోసం మేం పడ్డ తర్జనభర్జన

మాది పర్లాకిమిడి. కాగితాల మీద పరలాఖెముండి, గజపతి జిల్లా, ఒడిశా. ఊరు దాటి కాస్త ముందుకు వెళ్తే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇక్కడి కోర్టులో ఒక సీనియర్ వకీలు గారి దగ్గర నేను గుమాస్తాని. పెళ్లికి ముందు నుంచీ అదే పని. వకాలత్‌నామాలు నింపడం, కోర్టు ఫీజు స్టాంపులు చూసుకోవడం, వాయిదాలు డైరీలో ఎక్కించడం, నకళ్లకు అర్జీ పెట్టడం, దూరం నుంచి వచ్చిన పార్టీలను పేరు పిలిచే వేళకి హాలు గుమ్మం దగ్గర నిలబెట్టడం.

మా అమ్మాయికి లా సీటు వచ్చిందని తెలిశాక బరంపురం నుంచి, గుణుపూర్ నుంచి, రాయగడ నుంచి తెలిసినవాళ్లు ఫోన్లు చేస్తున్నారు. అందరూ అడిగేది ఒకటే: "ఆంధ్ర వైపు పంపకుండా కటక్ ఎందుకు పంపావు?" ఫోన్లో అయిదు నిమిషాల్లో చెప్పే సంగతి కాదు. సరిహద్దులో ఉన్న తెలుగు పిల్లలకు ఈ ప్రశ్న హైదరాబాద్ పిల్లలకు వచ్చినట్టు రాదు. అందుకే రాస్తున్నాను.

ముందు మా ముందున్న దారులు. ప్లస్ టూ కాగానే అయిదేళ్ల కోర్సు చదవాలంటే క్లాట్ రాయాలి. రెండు గంటల్లో 120 ప్రశ్నలు, తప్పుకు పావు మార్కు పోతుంది. ఆ ర్యాంకుతో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో సీటు వస్తుంది. మా అమ్మాయి ర్యాంకుకు హైదరాబాద్ నల్సార్ అందదని మాకు ముందే తెలుసు. అందేవాటిలో మాకు దగ్గరవి రెండు. ఒకటి విశాఖ దగ్గర సబ్బవరంలో ఉన్న దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం. రెండోది కటక్‌లోని ఒడిశా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, అందులో ఒడిశా స్థానికులకు కొంత వాటా ఉంది. ఇవి కాక బరంపురంలో లింగరాజ్ లా కాలేజీ ఉంది, ఖర్చు వేలల్లోనే పోతుంది. కటక్‌లోనే మధుసూదన్ లా యూనివర్సిటీ ఉంది. 1869లో మొదలైన న్యాయ తరగతులే పెరిగి కాలేజీ అయి, 2021లో యూనివర్సిటీ అయ్యాయి. ఇక్కడే డిగ్రీ చేసి తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయమన్నవాళ్లూ ఉన్నారు. అయితే ఆంధ్రలో లాసెట్ అనే ప్రవేశ పరీక్షతో ఇచ్చే సీట్లలో 85 శాతం అక్కడి స్థానిక అభ్యర్థులకే. ఒడిశా బడిలో చదివిన పిల్ల అక్కడ స్థానికురాలు కాదు. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా లెక్కలోకి రాదు.

విశాఖే పంపాలని గట్టిగా పట్టుబట్టింది మా బావమరిది. వాళ్లది టెక్కలి. పిల్లకు మేనమామ కాబట్టి ఆ చొరవ ఉంది.

"బావా, విశాఖ అయితే మనవాళ్లు ఉన్నారు, మన భాష, మన తిండి. గుణుపూర్ బండెక్కితే విశాఖలో దిగుతుంది. కటక్‌లో మనకెవరున్నారు? అయినా సర్టిఫికెట్ ఎక్కడిదైతే ఏంటి, నల్లకోటు ఒక్కటేగా" అన్నాడు.

అతను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అడ్వకేట్స్ చట్టం 1961 ప్రకారం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన డిగ్రీ ఏ రాష్ట్రంలో సంపాదించినా మరో రాష్ట్రంలో ఎన్‌రోల్ అవ్వొచ్చు. తర్వాత ఆలిండియా బార్ ఎగ్జామ్ పాసైతే దేశంలో ఏ కోర్టులోనైనా నిలబడొచ్చు. సబ్బవరంలో చదివి పర్లాకిమిడి కోర్టుకు రావడానికి చట్టం అడ్డు చెప్పదు. మా ఆవిడ కూడా తమ్ముడి పక్షమే. పిల్ల దూరమవుతుందన్నది ఆవిడ బెంగ. ఆ బెంగకు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

కానీ నేను చూసిన కోర్టు వేరే సంగతి చెబుతోంది.

కాలేజీల ర్యాంకుల జాబితాలు, ప్లేస్‌మెంట్ ప్యాకేజీలు చూసి సీటు ఎంచుకునేవాళ్లు ఎక్కువమంది కార్పొరేట్ ఆఫీసుల కోసం చదివేవాళ్లు. వాళ్లకు ఏ రాష్ట్రమైనా ఒకటే. కాంట్రాక్టులు ఇంగ్లిష్‌లో ఉంటాయి, కంపెనీ చట్టం దేశమంతా ఒకటే. జిల్లా కోర్టులో వకీలు కావాలన్నా, జడ్జీ కావాలన్నా లెక్క మారుతుంది. హైకోర్టులో ఇంగ్లిష్ నడుస్తుంది. కింది కోర్టులో సాక్షి మాట్లాడేది ఇంగ్లిష్ కాదు, అతని చేతిలోని కాగితమూ ఇంగ్లిష్‌లో ఉండదు. మా దగ్గరికొచ్చే దావాల్లో ఎక్కువ భాగం భూమివే. భూమి చట్టాలు రాష్ట్రానికో రకం.

అదెంత తేడానో సరిహద్దులో ఉన్నవాడికే తెలుస్తుంది. పాతపట్నంలో రైతు అడంగల్, 1బి అనే భూమి రికార్డులు పట్టుకుని తిరుగుతాడు, మీభూమి వెబ్‌సైట్‌లో చూసుకుంటాడు. పర్లాకిమిడి రైతు ఆర్‌ఓఆర్ పట్టా పట్టుకుని వస్తాడు, భూలేఖ్ వెబ్‌సైట్‌లో చూసుకుంటాడు. అక్కడ సెంట్లు, ఇక్కడ డిసిమిల్స్. రెండూ ఎకరంలో నూరో వంతే. కొండ మీదకు వెళ్తే తేడా ఇంకా పెద్దది. ఆంధ్ర ఏజెన్సీలో గిరిజన భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదని అందరూ చెప్పుకునే చట్టం 1959 రెగ్యులేషన్, దాన్ని 1970లో సవరించాక 'వన్ ఆఫ్ సెవెంటీ' అయింది. అదే కొండకు ఇవతల మా గుమ్మ, రాయఘడ బ్లాకుల్లో నడిచేది ఒడిశా 1956 రెగ్యులేషన్ 2, దాన్ని 2002లో బిగించారు. దాన్ని సడలించాలని 2023 నవంబరులో ఇక్కడి మంత్రివర్గం తీర్మానిస్తే గొడవలై ఆపేశారు. అటూ ఇటూ ఉన్నది ఒకే సవర కుటుంబం, అన్నదమ్ములే. ఒకడి భూమికి ఒక చట్టం, ఇంకొకడి భూమికి ఇంకొకటి. ఏజెన్సీ భూముల్లో గనుల లీజుల మీద 1997లో వచ్చిన సమతా తీర్పు విశాఖ అనంతగిరి వైపు నుంచి వచ్చిందే, అది ఎక్కడి లా విద్యార్థి అయినా చదవాల్సిందే. కానీ రేపు మా తహసీల్ ఆఫీసులో పనికొచ్చే సెక్షన్లు వేరు.

ఇక పాత కాగితాలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడక ముందు ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. అప్పటి దస్తావేజులు కొన్ని తెలుగులోనే ఉంటాయి. తాతల నాటి పెట్టెలోంచి తీసి మా టేబుల్ మీద పెడతారు. 1908 నాటి మద్రాస్ ఎస్టేట్స్ లాండ్ యాక్ట్ మాట వచ్చే కేసులు ఇంకా తగులుతుంటాయి. అప్పీళ్ల చరిత్రా అలాంటిదే. 1936 దాకా మద్రాసు హైకోర్టు, తర్వాత పట్నా, 1948 జులై 26 నుంచి కటక్. వకీలు గారు పాత తీర్పు ఏదైనా వెతకమంటే ఏ ఏడాదిదో చూసుకుని మద్రాసు రిపోర్టులు తీయాలా, పట్నావి తీయాలా అని ఆలోచించడం నాకు అలవాటు. ఊరు కదల్లేదు, దాని పై కోర్టు మాత్రం మూడు చోట్లకు మారింది.

తెలుగు చదవగలిగి, ఒడియాలో వాదించగలిగే వకీళ్లు మా తరంలో ఇంకా ఉన్నారు. వాళ్ల పిల్లలు బెంగళూరు, హైదరాబాద్ వెళ్లిపోయారు. నన్ను కలవరపెట్టేది అదే. ఒకసారి గుమ్మ వైపు నుంచి ఒక సవర పెద్దాయన భూమి తగాదాతో వచ్చాడు. ఆయనకు సవర వచ్చు, సంతల్లో నేర్చుకున్న తెలుగు కొంత వచ్చు. ఒడియా అర్థమవుతుంది కానీ పలకలేడు. ఆయన సవరలో చెబితే మనవడు తెలుగులో చెప్పాడు, నేను వకీలు గారికి చెప్పాను, ఆయన ఒడియాలో అఫిడవిట్ రాయించారు. చదివి వినిపించినప్పుడు పెద్దాయన ఒక చోట ఆపాడు. సరిహద్దు గట్టు మీద ఉన్న చెట్టు ఎవరు నాటారన్నది తారుమారైంది. మళ్లీ రాశాం. ఆ చెట్టు మీదే కేసు నిలబడింది. మా అమ్మాయి అప్పుడు హైస్కూల్లో ఉంది, అన్నం క్యారేజీ పట్టుకొచ్చి అక్కడే బల్ల మీద కూర్చుని అంతా చూసింది. లా చదువుతానని ఆ తర్వాతే అనడం మొదలుపెట్టింది. ఇదే పర్లాకిమిడిలో పంతులుగా ఉండి సవరల భాష నేర్చుకుని వాళ్ల చదువు కోసం పాటుపడిన గిడుగు రామమూర్తి పంతులు గారి గురించి దానికి చిన్నప్పుడు చెప్పాను. కోర్టులో ఆ పని చేసేవాళ్లు కావాలని నా కోరిక.

మా ప్రాంతపు తెలుగువాడు లా చదవడానికి ఎంత దూరమైనా వెళ్లొచ్చు అనడానికి వి.వి. గిరి గారి పేరు చెబుతారు. ఆయన 1894లో బరంపురంలో పుట్టారు. తండ్రి జోగయ్య పంతులు గారు అక్కడ వకీలే. గిరి గారు 1913లో లా కోసం డబ్లిన్ వెళ్లారు, అక్కడి స్వాతంత్ర్య పోరాటంతో సంబంధాలున్నాయని 1916లో వచ్చేయాల్సి వచ్చింది, తర్వాత 1969లో రాష్ట్రపతి అయ్యారు. నా అమ్మాయికి ఆ కథలో నేను చూపించింది ఇంకో భాగం. డబ్లిన్ నుంచి వచ్చి ఆయన ప్రాక్టీసు పెట్టింది బరంపురంలో.

ఇక అందరికీ టెన్షన్ పెట్టిన 2025 సంగతి. క్లాట్ 2024 డిసెంబర్ 1న అయింది. ఆన్సర్ కీలో తప్పులున్నాయని పిల్లలు కోర్టుకెళ్లారు. ఢిల్లీ హైకోర్టు, తర్వాత సుప్రీంకోర్టు. మే నెలలో సుప్రీంకోర్టు తేల్చేదాకా కౌన్సెలింగ్ ఆగిపోయింది. ప్లస్ టూ పరీక్షలైపోయాయి, ఎండాకాలం వచ్చేసింది, సీటు ఎక్కడో తెలియదు. ఆ ఎదురుచూపుల్లోనే మే 20న సుప్రీంకోర్టు మరో తీర్పు ఇచ్చింది: సివిల్ జడ్జి జూనియర్ డివిజన్ పరీక్ష రాయాలంటే కనీసం మూడేళ్లు వకీలుగా ప్రాక్టీసు చేసి ఉండాలి. అంతకు ముందు లా పాసై నేరుగా రాసేవాళ్లు. మా అమ్మాయి లక్ష్యం ఆ పరీక్షే. చాలామంది ఆ తీర్పు విని డీలా పడ్డారు, నాకు మాత్రం సంతోషమే అనిపించింది. జడ్జీగా పైన కూర్చునేవాళ్లు ముందు ఆ బల్ల ఎదుట వకీలుగా నిలబడి చూడాలి.

మా ఇంటి వాదన కూడా ఆ రోజుతో ఒక వైపు మొగ్గింది. మూడేళ్ల ప్రాక్టీసు తప్పదంటే, ఆ మూడేళ్లు ఎక్కడ? జూనియర్‌గా చేరాలంటే సీనియర్ తెలిసి ఉండాలి. వకీళ్ల కుటుంబం కాని పిల్లకు ఆ పరిచయాలు అయిదేళ్ల చదువులోనే రావాలి, ఇంటర్న్‌షిప్‌లలో, మూట్ కోర్టుల్లో, అంటే విద్యార్థులు వాదించే నమూనా కోర్టుల్లో, సీనియర్ విద్యార్థుల ద్వారా. ఒడిశా జ్యుడీషియల్ సర్వీస్‌కు ఒడియా చదవడం, రాయడం, మాట్లాడటం రావాలి. ఆంధ్రలో తెలుగు కావాలి. మా అమ్మాయి బడిలో ఒడియా చదివింది, తెలుగు నేను ఇంట్లో నేర్పాను. చదవగలదు, తీర్పు రాసేంత తెలుగు లేదు. ఒడియా ఉంది. అందుకని ఒడిశా కోర్టు, ఒడిశా జ్యుడీషియరీ, ఒడిశా హైకోర్టు ఉన్న కటక్. నా లెక్క అంతే. ఈ లెక్కలో సబ్బవరం తక్కువ కాలేజీ కాదు. ఇచ్ఛాపురంలోనో సోంపేటలోనో చదివిన పిల్ల అయితే నేనే విశాఖ పంపమంటాను.

కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు భవనాల గురించి నేను పెద్దగా అడగలేదు. హాస్టల్ గేటు దగ్గర, క్యాంటీన్‌లో పిల్లలను అడిగాను. భూమి చట్టాల పేపరులో రాష్ట్ర చట్టం ఎంత చెబుతారు? అయిదేళ్ల కోర్సులో బార్ కౌన్సిల్ నిబంధన ప్రకారం 20 వారాల ఇంటర్న్‌షిప్ ఉండాలి. అందులో ట్రయల్ కోర్టుకు ఎంతమంది వెళ్తారు, అందరూ లా ఫర్మ్‌లకేనా? 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త నేర చట్టాలు, భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియం, పాఠంలోకి ఎలా తెచ్చారు, పాత ఐపీసీ పుస్తకాలే లైబ్రరీలో ఉన్నాయా? ఇక్కడ చదివి జిల్లా కోర్టుకు వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా, వాళ్ల నంబరు ఇస్తారా? చివరి ప్రశ్నకు వచ్చే జవాబే అన్నిటికన్నా ముఖ్యం. ఏ తల్లిదండ్రులైనా ఈ ప్రశ్న అడగాలి.

డబ్బు సంగతి దాచకుండా చెబుతాను. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం అంటే ఫీజు, హాస్టల్, భోజనం కలిపి ఏడాదికి రెండు లక్షలు దాటుతుంది. కౌన్సెలింగ్‌లో చేరడానికే వేలు కట్టాలి. నా జీతంతో అయ్యేది కాదు, లోన్ తీసుకోవాల్సిందే. 2024 నవంబరులో కేంద్రం తెచ్చిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో సీటు వస్తే హామీ లేకుండా లోన్ ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల దాకా అప్పు మీద వడ్డీలో 3 శాతం రాయితీ కూడా ఉంది. మీ పిల్లల కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో సీటు ఒప్పుకునే ముందే చూసుకోండి. ఒక బ్యాంకులో మమ్మల్ని ఇల్లు తాకట్టు పెట్టమన్నారు. పథకం కాగితం చూపించాక, ఇంకో బ్రాంచికి వెళ్లాక పని కదిలింది. లోన్ తీసుకోవడం ఇష్టం లేనివాళ్లు బరంపురం కాలేజీని చిన్నచూపు చూడొద్దు. మా కోర్టులో మంచి క్రాస్ ఎగ్జామినేషన్ చేసేవాళ్లలో అక్కడ చదివినవారు ఉన్నారు, నేను రోజూ వింటాను. ర్యాంకు రాకపోయి ఉంటే మేమూ అక్కడికే వెళ్లేవాళ్లం, సంతోషంగానే. భువనేశ్వర్ ప్రైవేటు యూనివర్సిటీల బ్రోచర్లు కూడా ఇంటికొచ్చాయి. ఫీజు చూసి పక్కన పెట్టాం.

ఇంకో సంగతి, సరిహద్దు వాళ్లు తప్పక గుర్తుంచుకోవాల్సింది, కులం సర్టిఫికెట్. ఓబీసీ జాబితాలు, ఎస్సీ, ఎస్టీ జాబితాలు రాష్ట్రాల వారీగా ఉంటాయి. టెక్కలిలో మీ అన్నకు బీసీ సర్టిఫికెట్ ఉందని పర్లాకిమిడిలో మీకు వస్తుందనుకోకూడదు. కులం ఒకటే అయినా జాబితాలో పేరు వేరేగా రాసి ఉండొచ్చు, అసలు ఉండకపోవచ్చు. దరఖాస్తుకు ఏడాది ముందే తహసీల్ ఆఫీసుకు వెళ్లి రెసిడెన్స్ సర్టిఫికెట్‌తో పాటు ఇదీ తేల్చుకోండి. కౌన్సెలింగ్ రోజున ఏడ్చిన కుటుంబాలను చూశాను.

ప్రిఫరెన్స్ వరుసలో చివరికి కటక్ పైన, విశాఖ దాని కింద పెట్టాం. ఆ వరుస చాలా ముఖ్యం. ఫ్లోట్, అంటే వరుసలో ఇంకా పైనున్న సీటు కోసం చూస్తాం అని పెట్టి పై సీటు వస్తే కింది సీటు దానంతటదే పోతుంది, మళ్లీ అడిగినా రాదు. అందుకే నిజంగా వెళ్లాలనుకున్న క్రమంలోనే రాయాలి. బయటివాళ్లు ఏమనుకుంటారో అని రాయకూడదు. బావమరిది ఆ రోజు నుంచి కొన్నాళ్లు ఫోన్ చేయలేదు. సీటు వచ్చాక తనే వచ్చి పిల్లకు ట్రంకు పెట్టె కొనిచ్చాడు.

కటక్ వెళ్లే ముందు దానికి ఒక కథ చెప్పాను. 1921లో సుధాంశుబాలా హజ్రా అనే ఆవిడ లా పాసై వకీలుగా చేర్చుకోమంటే, స్త్రీ అన్న ఒక్క కారణంతో పట్నా హైకోర్టు కాదంది. ఆవిడ తరఫున నిలబడింది ఒడిశావారు గౌరవించే మధుసూదన్ దాస్. ఏప్రిల్ 28న ఇక్కడి బార్‌లో వకీళ్ల దినం జరిపేది ఆయన పుట్టినరోజనే. రెండేళ్లకు, 1923లో, స్త్రీలూ వకీళ్లు కావచ్చని చట్టం వచ్చింది. నేను ఏటా ఆ దినం రోజు పటానికి దండ తెచ్చేవాణ్ని. ఆ పటంలో మనిషి ఎవరో దానికి తెలియాలనిపించింది.

మొదటి ఏడాది అవుతోంది. సెలవుల్లో ఇంటర్న్‌షిప్‌కు మా వకీలు గారి దగ్గరికే వస్తానంది. వద్దన్నాను. నేను పక్కనుంటే ఫైలు ఎక్కడుందో నన్నే అడుగుతుంది. పర్లాకిమిడిలోనే జిల్లా న్యాయ సేవా సంస్థ ఉంది, 1987 చట్టం కింద పేదలకు ఉచితంగా వకీలును ఇచ్చే చోటు. గుమ్మ, రాయఘడ వైపు క్యాంపులకు వాళ్లే వెళ్తారు. అక్కడ దరఖాస్తు పెట్టమన్నాను. వాళ్లమ్మకు ఒకటే సంతోషం, పిల్ల నెల రోజులు ఇంట్లో ఉంటుంది. దరఖాస్తులో భాషలు అన్న చోట ఒడియా, తెలుగు, ఇంగ్లిష్ రాసింది. సవర నేర్చుకుంటున్నాను అని కూడా రాయొచ్చా అని నిన్న ఫోన్లో అడిగింది. రాయమన్నాను, కానీ నేర్చుకోవడం నిజంగా మొదలుపెట్టాకే అన్నాను. గుమ్మ సంతకు వెళ్లే మా తెలిసినాయన ఒకరు ఆదివారాలు నేర్పుతానని ఒప్పుకున్నారు.